తూర్పు కిటికీ పక్కన కెమెరా బల్ల

ఆ బల్ల పనిచేసేది. ఈ మాట ముందే రాసేస్తే మిగతాది చెప్పడం నాకు కొంచెం తేలికవుతుంది.

విజయవాడలో స్థలాల వ్యాపారం చేసేవాళ్ళ మధ్య ఇప్పటికీ ఒక కథ నడుస్తోంది. గవర్నర్‌పేటలో ఒక వెంచర్ ఆఫీసులో, చేత్తో ముట్టుకుంటే బొమ్మలు కదిలే బల్ల ఒకటి పెట్టారట. దానిమీద చెక్క ఇల్లు పెడితే ప్లాటు వివరాలన్నీ వెలిగేవట. తీరా చూస్తే ప్లైవుడ్ అడ్డుగోడ వెనక ఒక మనిషి బనీనుతో కూర్చుని మౌస్ తిప్పుతున్నాడట. మొన్నామధ్య గన్నవరం దగ్గర ఒక పెళ్ళి భోజనాల్లో, నా పక్క కుర్చీలో కూర్చున్న ఒక రియల్ ఎస్టేట్ ఆయన ఈ కథే నాకు చెప్పాడు. ఆ మనిషి ఫలానా ఫోటో స్టూడియో వాళ్ళబ్బాయని, కాలేజీలో పాఠాలు చెప్పేవాడని, మాయమాటలు చెప్పి ఊళ్ళో పెద్దమనిషిని మోసం చేశాడని చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను. పెరుగన్నం కలుపుకుంటూ నవ్వాను.

ఆ కథలో నేను లేను. ఇన్నేళ్ళూ అందులో లేకుండా ఉండగలిగానంటే అందుకు నేను చేసిన పని ఒకటుంది.

వాడూ నేనూ తొంభైల మొదట్లో పాలిటెక్నిక్‌లో ఒకే బెంచీ. మాది ఉయ్యూరు పక్క వ్యవసాయ కుటుంబం. వాళ్ళ ఇల్లు వన్ టౌన్‌లో, వాళ్ళ నాన్నగారి ఫోటో స్టూడియో గవర్నర్‌పేటలో. కాలేజీ అయ్యాక రోజూ ఆ స్టూడియో మెట్ల మీద కూర్చునేవాళ్ళం. వాడి నోటికి జడిసి క్లాసులో ఎవరూ వాడితో పెట్టుకునేవారు కాదు. నా మీద మాత్రం ఆ మాటలు ప్రేమతోనే విసిరేవాడు. తరువాత వాడు ఇంజినీరింగ్ పూర్తిచేసి ఒక ప్రైవేటు కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పే ఉద్యోగంలో చేరాడు. నేను వాళ్ళ స్టూడియో పైఅంతస్తులోనే కంప్యూటర్లు బిగించి అమ్మే షాపు పెట్టుకున్నాను. డిజిటల్ కెమెరాలు వచ్చి కింద స్టూడియోకి గిరాకీ తగ్గుతున్న రోజులవి. కాలేజీ వదిలాక వాడు కాసేపు కింద నాన్నగారి దగ్గర, కాసేపు పైన నా దగ్గర గడిపేవాడు.

ఒక సాయంత్రం నా షాపులో వెబ్‌క్యామ్ ముందు టీవీ రిమోట్ పట్టుకుని బటన్ నొక్కాడు. రిమోట్ మూతి దగ్గర మా కళ్ళకి ఏమీ కనపడలేదు. కంప్యూటర్ తెరమీద మాత్రం అక్కడ తెల్లటి చుక్క వెలిగింది.

"మనకి కనపడని వెలుగు దీనికి కనపడుతోంది," అన్నాడు. "మనకి కనపడే వెలుగు దీనికి కనపడకుండా చేస్తే ఎలా ఉంటుందంటావ్?"

నేను సమాధానం చెప్పేలోపే నా వెబ్‌క్యామ్‌ని విప్పేశాడు. లోపల లెన్సు వెనక గోరంత అద్దం ముక్క ఉంటుంది. రిమోట్ లాంటి వెలుగుని చాలావరకు బయటే ఆపేసేది అదే. దాన్ని ఊడబెరికాడు. కిందికి వెళ్ళి, కడిగిన ఫిల్ము రోల్ చివర్లలో మిగిలే నల్లటి తోకల్లోంచి ఒకటి తెచ్చి, ముక్క కత్తిరించి లెన్సు మీద అతికించాడు. ఆ నల్ల ఫిల్ము మామూలు వెలుగుని అడ్డుకుంటుంది, రిమోట్ వెలుగుని పోనిస్తుంది. మళ్ళీ తెరమీద చూస్తే గదిలో ట్యూబులైటు లేదు, మా మొహాలు లేవు. అంతా చీకటి. రిమోట్ నొక్కితే ఆ చీకట్లో చుక్క.

తరువాత రెండు మూడు నెలలు మేమిద్దరం ఆ పిచ్చిలోనే ఉన్నాం. గాజు పలక మీద ట్రేసింగ్ పేపరు పరిచి, అడుగున రిమోట్లలో ఉండే రకం దీపాలు వరసగా పెట్టాం. వాటి మధ్యలో ఆ వెబ్‌క్యామ్‌ని పైకి చూసేలా బిగించాం. గాజు మీద వేలు పెడితే అడుగు నుంచి వచ్చే వెలుగు వేలికి తగిలి వెనక్కొస్తుంది, కెమెరాకి తెల్ల చుక్కగా కనపడుతుంది. చుక్క ఎక్కడుందో కంప్యూటర్ లెక్కగడుతుంది. కింద నుంచే ప్రొజెక్టర్‌తో గాజు మీద బొమ్మ వేస్తే, వేలు ఎటు పోతే బొమ్మ అటు పోతుంది. లెక్క రాసే పనంతా వాడిదే. సామాను తేవడం నాది. అది మొదటిసారి పనిచేసిన రోజు వాళ్ళ నాన్నగారిని పిలిచి వేలు పెట్టమన్నాం. వేలి కింద నీలం గుండ్రం వెలిగింది. ఆయన గబుక్కున వేలు తీసి, మరక అంటుకుందేమోనని లుంగీకి తుడుచుకున్నారు.

వేళ్ళతో ఆగక వాడు వస్తువుల మీదికి వెళ్ళాడు. కొండపల్లి నుంచి చిన్న చెక్క ఇళ్ళు తెప్పించి, ఒక్కోదాని అడుగున ఒక్కో నలుపు తెలుపు గుర్తు అతికించాడు. గాజు మీద ఇల్లు పెడితే అది ఏ ఇల్లో, దాని ముఖం ఏ దిక్కుకుందో కెమెరా అడుగు నుంచి చదివేసేది. ఇంటిని తిప్పితే గాజు మీద దాని నీడ కూడా తిరిగేది. కీబోర్డు పేరు వింటేనే చేతులు వెనక్కి పెట్టుకునే మా నాన్న కూడా ఆ ఇంటిని అటూ ఇటూ తిప్పి, "ఇదయితే నేనూ చేస్తా," అన్నాడు.

దాన్ని వెంచర్ ఆఫీసుకి అమ్మవచ్చన్న ఆలోచన నాదే. అప్పుడు గన్నవరం, కంకిపాడు దారుల్లో పొలాలన్నీ ప్లాట్లవుతున్నాయి. గవర్నర్‌పేటలో నాకు తెలిసిన ఒక పెద్దాయన కొత్తగా పెద్ద ఆఫీసు కట్టుకుంటున్నారు. నేను ఆయనకి కంప్యూటర్లు ఇస్తున్నవాడిని. గాజు మీద లేఅవుట్ వేస్తామని, వచ్చినవాళ్ళు తమ చేత్తో ఇల్లు పెట్టుకుని చూసుకోవచ్చని, రోడ్డు ఎటుందో, ముఖం ఎటొస్తుందో, వాస్తుకి సరిపోతుందో లేదో వెంటనే కనపడుతుందని చెప్పాను. ఆయనకి తెగ నచ్చింది. మావాడు కూడా ఒప్పుకున్నాడు. వాళ్ళ కాలేజీలో ఇలాంటి పనికోసం ఒక గది ఇస్తామని ప్రిన్సిపాల్ అన్నారట. ఊళ్ళో ఒకచోట నిలబెట్టి చూపిస్తే ఆ గది వాడిదే. ఆ గది మీద వాడు ఎంత ఆశ పెట్టుకున్నాడో నాకు తెలుసు. అందులో ఏ గోడకి ఏం పెట్టాలో కూడా నాకు చెప్పేవాడు.

ఒక్క షరతు పెట్టాడు. బల్లని ఆఫీసు మధ్యలో ఉన్న కిటికీల్లేని గదిలోనే ఉంచాలి. ఎండలో కూడా ఆ కనపడని వెలుగు ఉంటుంది, అది బల్ల మీద పడితే అడుగునున్న కెమెరాకి ఇక ఏమీ కనపడదు. "ట్యూబులైటు కింద ఎక్కడైనా పెట్టుకోమను. ఎండ మాత్రం తగలకూడదు. ఈ ఒక్క మాట నువ్వు చెప్పు, మిగతాది నేను చూసుకుంటా," అన్నాడు. చెబుతానన్నాను.

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవాళ్ళ దగ్గర చేయించిన ఇనుప చట్రంతో బల్ల ఆఫీసుకి చేరింది. మనుషులు ఎక్కువమంది పట్టుకుంటే తప్ప లేచేది కాదు. మావాడు ఆ రోజు కాలేజీలో పరీక్షల డ్యూటీలో ఉన్నాడు. మధ్యగదిలోకి తీసుకెళ్ళబోతుంటే, పెద్దాయన వెంట ఉన్న సిద్ధాంతి గారు ఆపారు. అది బ్రహ్మస్థానం, అక్కడ బరువు పెట్టకూడదు, అందులోనూ కడుపులో కరెంటు మండుతున్న బరువు అసలే కూడదు, అగ్ని ఉన్నది ఆగ్నేయంలోనే ఉండాలి అన్నారు. ఆగ్నేయం గదికి తూర్పున పెద్ద కిటికీ ఉంది. సిద్ధాంతి గారి మాట మీద గోడ పగలగొట్టించి మరీ పెట్టించిన కిటికీ అది.

పెద్దాయన నా వైపు తిరిగి అడిగారు. "ఏవయ్యా, ఆ గదిలో పెడితే ఏమన్నా ఇబ్బందా?"

ఆ క్షణాన్ని నేను చాలాసార్లు గుర్తు చేసుకున్నాను. ఇబ్బందేనండీ అంటే సరిపోయేది. కానీ ప్లాటుకి వాస్తు చెప్పే బల్లకే వాస్తు కుదరదని, ఆ సిద్ధాంతి గారి ముందు, ఆ పెద్దాయనతో అనడానికి నాకు నోరు రాలేదు. అప్పటికే ఎక్కడైనా పనిచేస్తుందండీ అని నేనే గొప్పలు పోయి ఉన్నాను. "ఏం లేదండీ," అన్నాను.

మావాడితో సాయంత్రం చెప్పాను. ఏవో అడ్డుగోడల మార్పులు జరిగి గది మారిందని, కిటికీకి తెర వేస్తారని నచ్చచెప్పాను. నేనే సరేనన్నానని చెప్పలేదు. అప్పటికి పొద్దు వాలింది. బల్ల వెలిగించి చూశాం. ఇళ్ళు పెడితే ప్లాట్లు వెలిగాయి, తిప్పితే ముఖాలు మారాయి. వాడు కూడా కుదుటపడ్డాడు.

మర్నాడు పొద్దున్నే ముహూర్తం. కంకిపాడు, ఉయ్యూరు, గుడివాడ వైపు రైతులు కుటుంబాలతో వచ్చారు. తూర్పు కిటికీలోంచి ఎండ నేరుగా గాజు మీద పడింది. బల్లకి పిచ్చెక్కింది. ఎవరూ ముట్టుకోకుండానే ప్లాట్లు వాటంతటవే వెలగడం, ఆరడం. ఇల్లు పెడితే గుర్తే పట్టదు. నల్ల తెర లాగాం. గది మా కళ్ళకి చీకటయింది, కెమెరాకి మాత్రం పట్టపగలే. ఆ గుడ్డలోంచి ఆ వెలుగు హాయిగా వచ్చేస్తోందని వాడు అప్పుడే కనిపెట్టాడు. ఇంతలో సిద్ధాంతి గారు వచ్చి ముహూర్తం వేళ తూర్పుకి తెరేమిటని మందలించి అది కూడా తీయించారు.

వైర్లు కనపడకూడదని పెద్దాయన రాత్రికి రాత్రే ఆ గదిలో ప్లైవుడ్‌తో చిన్న అర కట్టించారు. కంప్యూటర్ అందులో ఉంది. వాడిని అందులోకి లాక్కెళ్ళి బతిమాలాను. ఈ ఒక్క పూట లోపల కూర్చుని మౌస్‌తో నడిపించమన్నాను. బల్ల పైన సీలింగుకి, ఫోటోల కోసమని తగిలించిన మామూలు వెబ్‌క్యామ్ ఒకటుంది. ఎవరు ఏ ప్లాటు మీద ఇల్లు పెట్టారో అందులో చూస్తూ ఆ ప్లాటుని వెలిగిస్తే చాలు. మసగ్గా కనపడుతుందంటే, పక్కనే నిలబడి నేను గట్టిగా చెబుతానన్నాను.

"ఇది మోసంరా," అన్నాడు.

"రేపు కిటికీ సంగతి నేను మాట్లాడతా."

"రేపు కాదు. ఇవాళ సాయంత్రం మాట్లాడు."

మాట్లాడతానన్నాను. వాడు కూర్చున్నాడు. ఆ పూట గట్టెక్కింది. పెద్దాయన అందరికీ మమ్మల్ని చూపించి, మన బెజవాడ కుర్రాళ్ళు అన్నారు. అప్పటికి మాకిద్దరికీ ముప్పై దాటాయి. అయినా ఆ మాటకి పొంగిపోయాను.

సాయంత్రం నేను మాట్లాడలేదు. మర్నాడూ మాట్లాడలేదు. ప్లాట్లు చూడటానికి వచ్చేవాళ్ళంతా పొద్దున్నే, రాహుకాలం తప్పించుకుని వచ్చేవాళ్ళు. మధ్యాహ్నం దాటితే ఎండ భవనం అవతలికి తిరిగేది, బల్ల దానంతటది చక్కగా పనిచేసేది, అప్పుడు చూసేవాళ్ళు ఎవరూ ఉండేవారు కాదు. మావాడు మొదట సెలవులు పెట్టాడు. తరువాత క్లాసులు మధ్యాహ్నానికి మార్చుకున్నాడు. తరువాత వేసవి సెలవులొచ్చాయి. గదిలో ఏసీ ఉంది. అరలోకి అది రాదు. ఫ్యాను పెడితే చప్పుడు బయటికి వినపడుతుంది. కంప్యూటర్ వేడి, పక్కనే బల్లలోంచి వచ్చే ప్రొజెక్టర్ వేడి, బెజవాడ ఏప్రిల్ ఎండ, అన్నీ ఆ ప్లైవుడ్ పెట్టెలోనే. దగ్గు రాకుండా నోట్లో లవంగం పెట్టుకునేవాడు. బయట నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, "ఇదిగో, అయ్యగారు తూర్పు రోడ్డు ప్లాటు మీద పెడుతున్నారు," "అమ్మగారు పార్కు పక్కది చూస్తున్నారు," అని పాట పాడినట్టు చెబుతుండేవాడిని. వచ్చినవాళ్ళు అది నా మర్యాద అనుకునేవారు.

రోజూ వాడు అర లోంచి బయటికొచ్చి తడి చొక్కా పిండుకుంటూ ఒకటే అడిగేవాడు, చెప్పావా అని. పెద్దాయన ఊళ్ళో లేరనో, మూడ్ బాలేదనో ఏదో ఒకటి చెప్పేవాడిని. తనే వెళ్ళి చెబుతానంటే, నీ నోటితో పని చెడుతుందని ఆపేవాడిని. నిజానికి రోజు గడిచే కొద్దీ చెప్పాల్సింది పెరిగిపోతోంది. మొదటి రోజయితే కిటికీ గురించి చెబితే సరిపోయేది. ఇప్పుడు ఇన్నాళ్ళూ లోపల మనిషిని కూర్చోబెట్టామని కూడా చెప్పాలి. నాకు దారి కనపడలేదు. మానేసి పోదామంటే బల్ల మావాడి పేరు మీద ఊరంతా తెలిసిపోయింది. వాడికీ దారి లేకుండా చేసింది నేనే.

మే నెలలో ఒకరోజు ఉయ్యూరు వైపు నుంచి ఒక పెద్ద రైతు వచ్చాడు. భార్య, అల్లుడు వెంట ఉన్నారు. మాటకారి మనిషి. ఒక్కో ఇల్లూ చేతిలోకి తీసుకుని, తలుపు చూసి, అడుగు చూసి, మళ్ళీ పెట్టేస్తున్నాడు. ఆయన చెయ్యి బల్ల మీదికి వెళ్ళడం చూశాను. ఆ చేతిలో ఏముందో చూడలేదు. అలవాటైన నోరు అనేసింది, "ఇదిగో, అయ్యగారు మూల ప్లాటు మీద ఇల్లు పెడుతున్నారు."

మూల ప్లాటు వెలిగింది. తూర్పు ముఖం, వాస్తు అనుకూలం అని పచ్చగా అక్షరాలొచ్చాయి. దాని మధ్యలో ఉన్నది ఆయన కళ్ళజోడు డబ్బా.

రైతు కాసేపు దానివైపే చూశాడు. "ఏవయ్యా, నా కళ్ళజోడు డబ్బాక్కూడా వాస్తు కుదిరిందంటందేంటి?"

ఆయన అల్లుడు పకపకా నవ్వాడు. భార్య మాత్రం, "ఊరుకోండి, అమ్ముకునేవాళ్ళకి దేనికైనా కుదురుద్ది," అంది. రైతు డబ్బా తీసి మళ్ళీ పెట్టాడు. ఈసారి నేను మాట్లాడలేదు. బల్ల కూడా మాట్లాడలేదు. ఆయన నన్ను చూశాడు. తరువాత అర వైపు చూశాడు. "లోపల మనిషున్నాడు," అన్నాడు, పెద్దగా కోపం లేకుండానే.

పెద్దాయన వెళ్ళి అర తలుపు తీశారు. వాడు బనీను మీద, నెత్తిన తడి తువ్వాలుతో, చేతిలో మౌస్‌తో కూర్చుని ఉన్నాడు. వాడు పెద్దాయన వైపు చూడలేదు, నా వైపు చూశాడు. ఆ చూపులో నింద లేదు. ఇప్పుడు చెబుతాడులే అన్న నమ్మకం ఉంది.

"ఏంటిది?" అని పెద్దాయన నన్నే అడిగారు.

"లోపలి సంగతి నాకు తెలీదండీ," అన్నాను. "అదంతా ఆయనే చూసుకుంటాడు."

వాడిని నేను ఎప్పుడూ ఆయన అనలేదు. ఆ మాట వినగానే వాడు తల దించుకుని చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకున్నాక పెద్దాయనతో ఒక్కటే అన్నాడు. "సాయంత్రం రండి సార్. నేను బయట నిలబడతాను, లోపల ఎవరూ ఉండరు. అప్పుడు చూడండి."

"సాయంత్రం ఇంకెవర్ని కూర్చోబెడతావ్?" అన్నారాయన. గదంతా నవ్వింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. సాయంత్రం అది నిజంగా పనిచేస్తుందని ఆ గదిలో తెలిసినవాళ్ళం ఇద్దరమే. వాడి మాట ఇక ఎవరూ నమ్మరు. నా మాట నమ్మేవారు.

వాడు మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మిగిలినవాళ్ళు నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చారు. పాపం, స్నేహితుడనుకుని నమ్మావు అన్నారు. ఆఫీసులో ఒకాయన గొంతు తగ్గించి, "మనవాళ్ళనెవర్నన్నా పెట్టుకోవాల్సిందయ్యా," అన్నాడు. ఆ మాటకి అర్థం ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు. నాకూ తెలుసు. టీ తాగాను. ఆ ఆఫీసుకి కంప్యూటర్లు ఆ తరువాత కూడా నేనే ఇచ్చాను.

జూన్‌లో కాలేజీ తెరిచేసరికి కథ అక్కడికి చేరింది. వాడు క్లాసులోకి వెళ్తే వెనక బెంచీల్లోంచి, "సార్, లోపల ఎవరండీ?" అని అరిచేవాళ్ళట. గది మాట ప్రిన్సిపాల్ మళ్ళీ ఎత్తలేదు. మరుసటి ఏడాది వాడు ఉద్యోగం మానేసి నాన్నగారి స్టూడియోలో కూర్చున్నాడు. అప్పటికే నేను షాపు వేరే వీధికి మార్చుకున్నాను. అద్దె తక్కువని అందరికీ చెప్పాను. రోజూ ఆ స్టూడియో ముందు నుంచి మెట్లెక్కలేక మార్చుకున్నాను.

గన్నవరం పెళ్ళి తరువాత కొన్నాళ్ళకి వన్ టౌన్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. ఇప్పుడు వాడు దుకాణాలకి సీసీ కెమెరాలు బిగిస్తాడు. జుట్టు నెరిసింది. లోపలికి రమ్మన్నాడు, కుర్చీ వేశాడు, వాళ్ళావిడ టీ తెచ్చింది. ఇంతకన్నా తిట్టి ఉంటే బాగుండేది. జరిగింది జరిగినట్టు రాస్తానని, కిటికీ దగ్గర నేనన్న మాట, అర తలుపు దగ్గర నేనన్న మాట, రెండూ రాస్తానని, బల్ల నీదని, అది పనిచేసిందని నీ పేరుతో సహా రాస్తానని చెప్పాను.

వాడు టీ తాగి గ్లాసు కింద పెట్టాడు.

"నా పేరు రాయకు."

"పేరు లేకపోతే ఎవరికి తెలుస్తుందిరా?"

"మా పిల్లలకి ఆ కథ తెలీదు. అల్లుడికి తెలీదు. నేను కెమెరాలు బిగించే షాపులవాళ్ళకి తెలీదు. నువ్వు పేరు రాస్తే, ముందు లోపల కూర్చున్నది నేనని తెలుస్తుంది. తరవాత నీ సంజాయిషీ ఎంతమంది చదువుతారో నీకే తెలియాలి."

అప్పుడు నోరు విప్పి ఉంటే వాడి పేరు నిలిచేది. ఇప్పుడు విప్పితే ఆ పేరునే మళ్ళీ వీధిలో పెట్టినట్టవుతుంది. ఆలస్యమైన నిజానికి ఇలాంటి లక్షణం ఒకటుంటుందని నాకు అప్పటిదాకా తెలీదు. లేచాను. గుమ్మం దాకా వచ్చి, చెప్పులు వేసుకుంటుంటే అన్నాడు, "రాయొద్దనట్లేదు. నా పేరొద్దంటున్నా. నీ ఇష్టం."

అందుకే ఇందులో వాడి పేరు లేదు. నా పేరు రాస్తే వాడి పేరు తెలిసిపోతుంది కాబట్టి అదీ లేదు. కానీ గవర్నర్‌పేటలో ఆ కథ చెప్పుకునేవాళ్ళకి మేమెవరమో తెలుసు. వాళ్ళకి ఒకటే మనవి. ఇకమీదట చెప్పేటప్పుడు మనిషిని లోపల కూర్చోబెట్టింది ఎవరో కూడా చెప్పండి. కళ్ళజోడు డబ్బాని ఇల్లని పిలిచింది లోపలివాడు కాదు, బయట ఇస్త్రీ చొక్కాలో నిలబడ్డవాడు. ఆ రోజు సాయంత్రం ఎవరన్నా వెళ్ళి చూసి ఉంటే, ఖాళీ గదిలో ఆ బల్ల మీద ఇల్లు పెడితే ప్లాటు వెలిగేది.

ఎవరూ వెళ్ళలేదు. నేను కూడా వెళ్ళలేదు.